ఏటూఎఫ్ ఇచ్చిన సున్నా నిజం సున్నానా, చదవలేక ఇచ్చిన సున్నానా? సీ భాషలో స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) ఫ్లోట్‌గా (దశాంశ నంబర్‌గా) మార్చే సంగతి

సీ_నేర్చుకుంటున్నా:
అందరికీ నమస్తే. సీ మొదలుపెట్టి నాలుగు నెలలైంది, ఫైల్స్ చదవడం దాకా వచ్చాను. నా దగ్గర ఒక ఉష్ణోగ్రత సెన్సార్ రాసిన లాగ్ ఫైల్ ఉంది, నిమిషానికో లైన్, లైన్‌కో నంబర్, 23.47 అలా. రాత్రిళ్ళు బాగా పడిపోతుంది కాబట్టి 0.00 కూడా నిజంగానే వస్తుంది, మైనస్‌లు కూడా వస్తాయి. నేను చేస్తున్నదల్లా ఒక్కో లైన్ చదివే ఎఫ్‌గెట్స్‌తో లైన్ తీసుకుని, స్ట్రింగ్‌ని నంబర్‌గా మార్చే ఏటూఎఫ్‌కి ఇచ్చి, వచ్చింది కలుపుకుంటూ పోయి చివర్లో సగటు తీయడమే. కానీ సగటు రావాల్సిన దానికంటే తక్కువ వస్తోంది. అన్నీ ప్రింట్ చేసి చూస్తే మధ్యమధ్యలో సున్నాలు పడి ఉన్నాయి. ఫైల్‌లో చూస్తే ఆ చోట కొన్ని ఖాళీ లైన్లు, కొన్నిట్లో ఎర్రర్ అనే మాట ఉంది. మొదటి లైన్ కూడా సున్నా అంటోంది, ఎడిటర్‌లో తెరిస్తే మాత్రం 21.80 అని శుభ్రంగా కనిపిస్తోంది. సున్నా వస్తే వదిలేద్దామంటే నిజం సున్నాలు కూడా పోతాయి. ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి?

సెమీకోలన్:
ముందు ఒకటి చూడండి, ఎస్‌టీడీలిబ్ హెడర్ ఇంక్లూడ్ చేశారా? పాత సీలో ప్రోటోటైప్ (ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే లైన్, అది హెడర్‌లో ఉంటుంది) లేకపోతే ఆ ఫంక్షన్ ఇంట్, అంటే పూర్ణాంకం, ఇస్తుందని కంపైలర్ తనే అనుకుంటుంది, ఏటూఎఫ్ ఇచ్చేది డబుల్ (ఫ్లోట్ కంటే ఎక్కువ ఖచ్చితత్వం ఉన్న దశాంశ నంబర్), దాంతో చెత్త విలువలు వస్తాయి. 1999 నాటి సీ స్టాండర్డ్ సీ99లో ఈ పద్ధతి తీసేశారు గానీ చాలా కంపైలర్లు వార్నింగ్‌తో వదిలేస్తూ వచ్చాయి, జీసీసీ కంపైలర్ అయితే వెర్షన్ 14 నుంచే దీన్ని ఎర్రర్‌గా చూస్తోంది.

సీ_నేర్చుకుంటున్నా:
చేశానండి. మిగతా లైన్లన్నీ సరిగ్గానే వస్తున్నాయి, ఆ కొన్నే సున్నా.

పాతకంపైలర్:
అయితే హెడర్ గొడవ కాదు. తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకి ఏటూఎఫ్ దగ్గర జవాబు లేదు, దానికి తప్పు చెప్పే దారే లేదు. డబుల్ ఒక్కటే తిరిగి ఇస్తుంది. నంబర్ కనపడకపోతే సున్నా, నిజంగా సున్నా చదివితే కూడా సున్నానే. పైగా విలువ డబుల్‌లో పట్టనంత పెద్దదైతే ఏమవుతుందో స్టాండర్డ్ హామీ కూడా ఇవ్వదు. బయట నుంచి వచ్చే డేటా మీద ఏటూఎఫ్ వాడకూడదని నేను గట్టిగా చెప్తాను, చిన్న ప్రోగ్రామ్ అయినా సరే.

స్టర్‌టూడీ వాడు. దానికి రెండు ఇవ్వాలి, ఒకటి స్ట్రింగ్, రెండోది ఒక క్యారెక్టర్ పాయింటర్ (స్ట్రింగ్‌లో ఒక చోటుని చూపించే వేరియబుల్) యొక్క అడ్రస్. అది ముందున్న స్పేస్‌లు దాటేసి, ప్లస్ మైనస్ ఉంటే చూసుకుని, నంబర్‌లా ఉన్నంత మేరా చదివి, ఎక్కడ ఆగిందో ఆ చోటుని నీ పాయింటర్‌లో పెట్టి వెళ్తుంది. చదువుతూ చదువుతూ ఆపిన చోట వేలు పెట్టి ఉంచినట్టు. ఆ వేలు ఎక్కడుందో చూస్తే అంతా తెలిసిపోతుంది. రఫ్‌గా ఇలా:

ఎర్నో = 0;
విలువ = స్టర్‌టూడీ(లైన్, &చివర);
చివర == లైన్ అయితే: నంబరే లేదు
*చివర దగ్గర ఇంకా ఏదో మిగిలుంటే: నంబర్ తర్వాత చెత్త ఉంది
ఎర్నో == ఈరేంజ్ అయితే: విలువ హద్దు దాటింది

ఎర్నో అంటే లైబ్రరీ ఫంక్షన్లు తప్పు కోడ్ పెట్టే వేరియబుల్, ఈరేంజ్ అందులో ఒక కోడ్. ఎర్నోని ముందే సున్నా చేయడం మర్చిపోకు, లైబ్రరీ ఫంక్షన్లు దాన్ని తమంతట తాము ఎప్పుడూ సున్నా చేయవు. ఎప్పుడో జరిగిన తప్పు అందులో అలాగే ఉండిపోయి, ఇప్పుడు బాగా చదివిన లైన్ మీద నింద పడుతుంది.

సెమీకోలన్:
ఇంత అవసరమా? స్ట్రింగ్‌లోంచి విలువలు చదివే ఎస్‌స్కాన్ఎఫ్ పెట్టి, డబుల్ కావాలని చెప్పే పర్సెంట్ ఎల్ఎఫ్ ఇచ్చి, 1 తిరిగి వస్తే నంబర్ దొరికినట్టు, రాకపోతే లేనట్టు. ఒక్క లైన్‌లో అయిపోద్ది. ఖాళీ లైన్లూ, ఎర్రర్ అని ఉన్న లైన్లూ రెండూ దానికే పట్టుబడతాయి కదా.

బిట్‌బైట్:
అవి పట్టుబడతాయి, ఒప్పుకుంటా. కానీ "23.4?7" అని పాడైపోయిన లైన్ ఇవ్వండి, 23.4 చదివేసి హాయిగా 1 ఇస్తుంది. మిగిలింది ఏమిటో అడగదు. దానికి పర్సెంట్ ఎన్ అని ఇంకోటి పెట్టి ఎన్ని క్యారెక్టర్లు తిన్నదో లెక్క తీసుకోవచ్చు గానీ, అప్పుడు మీరు చేసేది స్టర్‌టూడీ పనే కదా, చుట్టూ తిరిగి. ఇంకా హద్దు దాటిన విలువ వస్తే ఎస్‌స్కాన్ఎఫ్‌కి స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు, స్టర్‌టూడీ అయితే హ్యూజ్‌వాల్ (మామూలుగా ఇన్ఫినిటీ) ఇచ్చి ఎర్నోలో ఈరేంజ్ పెడుతుంది, స్పష్టంగా ఉంటుంది.

ఇంకో ప్రమాదం కొత్తవాళ్ళకి ముఖ్యంగా చెప్పాలి. ప్రింట్ఎఫ్‌లో పర్సెంట్ ఎఫ్ అంటే ఫ్లోట్‌కీ డబుల్‌కీ ఒకటే, ఎందుకంటే అక్కడికి పోయేటప్పుడు ఫ్లోట్ తనంతట తానే డబుల్ అయిపోతుంది. స్కాన్ఎఫ్ జాతికి ఇచ్చేది విలువ కాదు, అడ్రస్, అక్కడ ఆ మార్పు ఉండదు. పర్సెంట్ ఎఫ్ అంటే ఫ్లోట్ అడ్రస్, పర్సెంట్ ఎల్ఎఫ్ అంటే డబుల్ అడ్రస్. ఫ్లోట్ వేరియబుల్‌కి పర్సెంట్ ఎల్ఎఫ్ ఇచ్చారంటే 4 బైట్ల చోటులో 8 బైట్లు రాస్తుంది, పక్కన ఉన్న వేరియబుల్ చెడిపోతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఇంకెక్కడో కూలుతుంది. నేను ఒకసారి ఈ తప్పు కోసం రెండు రోజులు వెతికాను, తప్పున్న లైన్‌ని పది సార్లు చూసి కూడా దాటేశాను, ఎందుకంటే చదివిన నంబర్ మాత్రం కరెక్ట్‌గా లేదు అనే దాని మీదే నా దృష్టి ఉంది, పక్క వేరియబుల్ మీద కాదు. కంపైల్ చేసేటప్పుడు వార్నింగ్‌లు అన్నీ ఆన్‌లో పెట్టుకోండి, ఫార్మాట్ స్ట్రింగ్ అక్కడే రాసి ఉంటే జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ దీన్ని పట్టిస్తాయి.

సెమీకోలన్:
పాడైన లైన్ సంగతి నేను ఆలోచించలేదు, కరెక్టే. లాగ్ ఫైల్‌కి స్టర్‌టూడీనే మంచిది.

సీ_నేర్చుకుంటున్నా:
స్టర్‌టూడీ పెట్టాను. ఇప్పుడు ఇంకో తలనొప్పి, ప్రతి లైన్ తప్పే అంటోంది. చివర దగ్గర ఏదో మిగిలి ఉందట. నంబర్ మాత్రం బానే చదువుతోంది, 23.47 అనే ప్రింట్ అవుతోంది, అయినా మిగిలింది అంటోంది. ఇంకొకటి, ఫ్లోట్ వేరియబుల్‌లో పెట్టి ప్రింట్ చేస్తే 23.469999 వస్తోంది, డబుల్‌లో పెడితే 23.470000 వస్తోంది. ఇది కూడా నా తప్పేనా?

పాతకంపైలర్:
మొదటిది చాలా మామూలు విషయం. ఎఫ్‌గెట్స్ లైన్ చివర ఉన్న న్యూలైన్‌ని కూడా తెచ్చి బఫర్‌లో పెడుతుంది. స్టర్‌టూడీ ముందు ఉన్న స్పేస్‌లని దాటుతుంది గానీ వెనక ఉన్న వాటి జోలికి పోదు. కాబట్టి వేలు న్యూలైన్ మీద ఆగింది. ఏం చేయాలంటే, చివర పాయింటర్ నుంచి మొదలుపెట్టి, స్పేసా కాదా చెప్పే ఈజ్‌స్పేస్ ఫంక్షన్ అవునన్నంతసేపు ముందుకి జరుపు, ఆ తర్వాత స్ట్రింగ్ ముగింపు సున్నా బైట్ దొరికితే లైన్ శుభ్రం, లేకపోతే చెత్త. విండోస్‌లో పుట్టిన ఫైల్ లినక్స్‌లో చదివితే న్యూలైన్ ముందు ఇంకో క్యారేజ్ రిటర్న్ కూడా ఉంటుంది, అది కూడా ఇందులోనే పోతుంది.

ఈజ్‌స్పేస్‌కి క్యారెక్టర్ నేరుగా ఇవ్వకు, అన్‌సైన్డ్ క్యారెక్టర్‌గా క్యాస్ట్ చేసి ఇవ్వు. చాలా మెషీన్లలో చార్ అంటే సైన్డ్, 127 దాటిన బైట్ వస్తే మైనస్ అయిపోతుంది, అది ఈజ్‌స్పేస్‌కి ఇవ్వడం నిషేధం. ఇంగ్లిష్ అక్షరాలతో టెస్ట్ చేసినంతకాలం ఈ తప్పు బయటపడదు, తెలుగు టెక్స్ట్ వచ్చిన రోజు బయటపడుతుంది.

దశాంశం:
రెండో ప్రశ్న నాది. నీ తప్పు కాదు, 23.47 అనే నంబర్ బైనరీలో కచ్చితంగా లేదు, అంతే. మూడో వంతుని మనం దశాంశాల్లో 0.333 అని ఎంత రాసినా పూర్తి కానట్టే, పదో వంతు బైనరీలో ఎంత రాసినా పూర్తి కాదు. ఫ్లోట్‌కి 24 బిట్ల ఖచ్చితత్వం, డబుల్‌కి 53. అందుకే ఫ్లోట్‌లో 6 అంకెలు, డబుల్‌లో 15 అంకెలు మాత్రమే నమ్మకంగా పోయి తిరిగొస్తాయి, ఫ్లోట్ హెడర్‌లో ఆ రెండు నంబర్లూ రాసే ఉంటాయి. 23.470000 అని డబుల్ ప్రింట్ అయింది కదా అని అది కచ్చితం అనుకోవద్దు, 20 అంకెలు ప్రింట్ చేసి చూడు, అక్కడా తేడా ఉంటుంది, దూరంగా ఉంది కాబట్టి 6 అంకెల్లో కనపడలేదు. నువ్వు ఫ్లోట్‌లో చదివి 23.47 తో ఈక్వల్ ఉందా అని పోల్చావంటే ఎప్పుడూ లేదనే వస్తుంది, ఎందుకంటే కోడ్‌లో ఉత్త 23.47 అని రాస్తే అది డబుల్.

సగటు లాంటి లెక్కలు చేసేటప్పుడు డబుల్‌లోనే ఉంచు. వేల నంబర్లు ఫ్లోట్‌లో కలిపితే మొత్తం పెద్దదయ్యే కొద్దీ చిన్న అంకెలు రాలిపోతుంటాయి. ఫ్లోట్‌లో 16777216 కి 1 కలిపితే మళ్ళీ 16777216 నే వస్తుంది, ఒకసారి చేసి చూస్తే నమ్మకం కుదురుతుంది.

సీ_నేర్చుకుంటున్నా:
చూశాను, నిజంగానే పెరగలేదు. మొత్తాన్ని డబుల్ చేసేశాను. వెనక స్పేస్‌లు దాటించే లూప్ పెట్టాను, ఇప్పుడు మంచి లైన్లన్నీ మంచివే అంటోంది, ఖాళీలూ ఎర్రర్‌లూ విడిగా పడుతున్నాయి. కానీ మొదటి లైన్ మాత్రం ఇంకా నంబరే లేదు అంటోంది. 21.80 అని కళ్ళ ముందు కనిపిస్తోంది. లైన్ చెరిపి మళ్ళీ టైప్ చేసినా అంతే.

బిట్‌బైట్:
కళ్ళని నమ్మొద్దు, బైట్లు ప్రింట్ చేయండి. ఆ లైన్‌లో ప్రతి క్యారెక్టర్‌నీ అన్‌సైన్డ్ క్యారెక్టర్‌గా మార్చి హెక్స్‌లో (16 ఆధారంగా ఉండే అంకెల్లో) ప్రింట్ చేసి మొదటి ఐదారు ఇక్కడ పెట్టండి.

సీ_నేర్చుకుంటున్నా:
ఈఎఫ్ బీబీ బీఎఫ్ 32 31 2ఈ

బిట్‌బైట్:
దొరికింది. 32, 31, 2ఈ అంటే "21." వరకూ. దాని ముందు ఉన్న మూడు బైట్లు బామ్, అంటే యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఫైల్ అని చెప్పడానికి కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో పెట్టే గుర్తు. కంటికి కనపడదు, లైన్ చెరిపినా ఎడిటర్ దాన్ని ఉంచేస్తుంది. స్టర్‌టూడీకి అది స్పేస్ కాదు, అంకె కాదు, కాబట్టి మొదటి బైట్ దగ్గరే ఆగిపోయింది. ఫైల్ తెరవగానే మొదటి మూడు బైట్లు ఇవేనా అని చూసి, అయితే దాటేయండి.

ఇలా కనపడనివి ఇంకా ఉన్నాయి. వెబ్ పేజీ నుంచో డాక్యుమెంట్ నుంచో కాపీ చేసిన నంబర్లలో మైనస్ గుర్తు కీబోర్డ్ మీద ఉండే మైనస్ కాకుండా యూనికోడ్‌లో వేరే గీత అయి ఉంటుంది, చూడ్డానికి ఒకటే. విడదీయరాని స్పేస్ అని ఒకటి ఉంటుంది, అదీ అంతే. మన తెలుగు అంకెలు ౨౩ అని రాసినా స్టర్‌టూడీకి తెలియదు, దానికి మామూలు 0 నుంచి 9 మాత్రమే అంకెలు. తెలుగు అంకె ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటి రెండూ అన్నిటికీ ఒకటే, ఈ0 బీ1, మూడోది సున్నాకి ఏ6 నుంచి తొమ్మిదికి ఏఎఫ్ దాకా. కాబట్టి మూడో బైట్‌లోంచి ఏ6 తీసేస్తే అంకె వచ్చేస్తుంది. తెలుగులో నంబర్లు టైప్ చేసేవాళ్ళ కోసం ప్రోగ్రామ్ రాసేవాళ్ళు ఆ స్ట్రింగ్‌ని ముందు మామూలు అంకెల్లోకి మార్చి అప్పుడు స్టర్‌టూడీకి ఇస్తే సరిపోతుంది, పది లైన్ల పని. ఆ పది లైన్లు మనం రాయకపోతే ఎవరు రాస్తారు చెప్పండి.

గ్రాఫ్_గీతలు:
నేను ఆలస్యంగా వచ్చాను గానీ లోకేల్ (భాష, దేశాన్ని బట్టి నంబర్లు వగైరా రాసే పద్ధతి చెప్పే సెట్టింగ్) గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా, ఇది నన్ను చాలా బాధపెట్టిన విషయం. ఫైల్‌లో నంబర్లు చదివి గ్రాఫ్ గీసే ప్రోగ్రామ్ రాశాను. టెర్మినల్‌లో నడిపితే అన్నీ కరెక్ట్. విండో, బటన్లు పెట్టి అదే కోడ్ నడిపితే నా మెషీన్‌లో కరెక్ట్, నా ఫ్రెండ్ మెషీన్‌లో మాత్రం 3.14 కి 3 వస్తోంది, 0.75 కి 0 వస్తోంది, గ్రాఫ్ మొత్తం మెట్లు మెట్లుగా ఉంది. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు.

సంగతేమిటంటే స్టర్‌టూడీ, ఏటూఎఫ్, స్కాన్ఎఫ్ అన్నీ దశాంశ బిందువు ఏ గుర్తో లోకేల్‌ని అడుగుతాయి. సీ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు సీ అనే పేరున్న లోకేల్‌లో ఉంటుంది, అందులో చుక్కే. ఎవరైనా సెట్‌లోకేల్‌ని ఖాళీ స్ట్రింగ్‌తో పిలిస్తే యూజర్ సెట్టింగ్ వచ్చేస్తుంది. జర్మన్, ఫ్రెంచ్ లాంటి వాటిలో దశాంశానికి కామా వాడతారు, అప్పుడు 3.14 లో చుక్క దగ్గర చదవడం ఆగిపోతుంది. నేను సెట్‌లోకేల్ పిలవలేదు, నేను వాడిన విండో లైబ్రరీ తను మొదలయ్యేటప్పుడు లోపల పిలిచింది. ఫ్రెండ్ మెషీన్ జర్మన్ సెట్టింగ్‌లో ఉంది. ఏటూఎఫ్ వాడాను కాబట్టి తప్పని కూడా ఎక్కడా చెప్పలేదు. స్టర్‌టూడీ వాడి చివర చూసి ఉంటే మొదటి లైన్‌లోనే చుక్క దగ్గర ఆగిందని తెలిసేది.

పాతకంపైలర్:
చాలా మంచి విషయం గుర్తు చేశావు. దానికి మందు, విండో లైబ్రరీ మొదలయ్యాక లోకేల్‌లో నంబర్ల భాగమైన ఎల్‌సీ న్యూమరిక్ ఒక్కదాన్ని మళ్ళీ సీ లోకేల్‌కి మార్చడం. కానీ సెట్‌లోకేల్ మొత్తం ప్రోగ్రామ్‌కి వర్తిస్తుంది, థ్రెడ్లు ఉన్నచోట మధ్యలో మార్చడం మంచిది కాదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల స్టాండర్డ్ అయిన పాజిక్స్ 2008లో న్యూలోకేల్, యూజ్‌లోకేల్ అని వచ్చాయి, అవి ఒక్క థ్రెడ్‌కే మారుస్తాయి. జీలిబ్ లైబ్రరీ వాడేవాళ్ళకి లోకేల్‌ని పట్టించుకోకుండా ఎప్పుడూ చుక్కనే చూసే ఫంక్షన్ విడిగా ఉంది. సీ++ వాళ్ళకి సీ++17లో ఫ్రమ్‌చార్స్ వచ్చింది, దానికి లోకేల్‌తో సంబంధమే లేదు. యూజర్ తన చేత్తో టైప్ చేసిన నంబర్‌కి యూజర్ లోకేల్ న్యాయం, ఫైల్‌లో ఉన్న నంబర్‌కి ఫైల్ రాసినవాడి పద్ధతే న్యాయం. ఈ రెండూ కలిపేసిన ప్రోగ్రామ్‌లు చాలా చూశాను.

చిన్నచిప్:
నేను మైక్రోకంట్రోలర్ల మీద పని చేస్త. ఈ ముచ్చట మా దిక్కు వేరే ఉంటది. ఏవీఆర్ చిప్‌ల మీద ఎస్‌స్కాన్ఎఫ్‌తోని ఫ్లోట్ చదవాలంటే మామూలుగ లింక్ అయ్యే లైబ్రరీల ఆ భాగం ఉండదు, ఎందుకంటే కోడ్ సైజ్ మస్తు పెరుగుతది, లింకర్‌కి విడిగ చెప్పాలె. ఆర్మ్ చిప్‌ల మీద న్యూలిబ్ నానో అనే చిన్న సీ లైబ్రరీల కూడా గంతే. కొత్తోళ్ళు నంబర్ ఎందుకు వస్తలేదని రోజులు రోజులు కొట్టుకుంటరు. ఇంకోటి, ఏవీఆర్ జీసీసీల డబుల్ అని రాసినా మామూలుగ అది 32 బిట్లే, ఫ్లోట్‌తోని సమానం. పీసీ మీద టెస్ట్ చేసిన లెక్క అక్కడ రాదు.

నేనైతే సెన్సార్ నంబర్‌ని ఫ్లోట్ చెయ్యనే చెయ్య. 23.47 ని 2347 అని పూర్ణాంకం లెక్క చదువుత, చుక్క దాటినంక రెండు అంకెలు తీస్కుంట, తక్కువుంటే సున్నాలు కలుపుత. కూడికలు అన్నీ పూర్ణాంకాలల్లనే, ఒక్క బిట్ కూడా పోదు, చూపించేటప్పుడు చుక్క పెడ్త. కానీ ఒకటి జాగ్రత్త, -0.35 వచ్చినప్పుడు చుక్క ముందరి భాగం సున్నా అయితది, సున్నాకి మైనస్ ఉండదు, గట్ల మైనస్ పోయి +35 అయితది. మైనస్‌ని ముందుగాలనే విడిగ గుర్తు పెట్టుకోవాలె.

దశాంశం:
స్థిరమైన దశాంశాలు ఉన్న డేటాకి, డబ్బు లెక్కలకి, ఇదే సరైన దారి, నేను పూర్తిగా ఒప్పుకుంటా. కానీ ఎవరైనా దీన్ని చూసి జనరల్ స్టర్‌టూడీని సొంతంగా రాద్దాం అనుకుంటే ఆగండి, అది కనిపించేంత తేలిక కాదు. అందరూ మొదట రాసేది ఒకటే, చుక్క తర్వాత వచ్చే ప్రతి అంకెకీ 0.1 తో గుణించుకుంటూ పోవడం. 0.1 ని 0.1 తో గుణిస్తే డబుల్‌లో 0.01 రాదు, 0.010000000000000002 వస్తుంది. అంటే "0.01" అని ఇస్తే మీ ఫంక్షన్ ఒక విలువ, కంపైలర్ ఇంకో విలువ. అంకెలు పెరిగే కొద్దీ ఆ తేడా పేరుకుపోతుంది.

దీనికి ఒక అందమైన దారి ఉంది. అంకెలన్నిటినీ చుక్క లేనట్టు ఒకే పూర్ణాంకంగా చదవండి, చుక్క తర్వాత ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, చివర్లో ఒక్కసారే పది ఘాతంతో భాగించండి. పూర్ణాంకం 2 ఘాతం 53 లోపు ఉండి, పది ఘాతం 22 దాటకపోతే వచ్చే జవాబు పక్కా కరెక్ట్. ఎందుకంటే 10 ఘాతం 22 దాకా పది ఘాతాలన్నీ డబుల్‌లో కచ్చితంగా పడతాయి, రెండు కచ్చితమైన నంబర్ల మధ్య ఒకే ఒక్క భాగహారం, ఫ్లోట్ లెక్కల స్టాండర్డ్ ఐఈఈఈ 754 ప్రకారం దాన్ని సరిగ్గా రౌండ్ చేయాల్సిందే, తప్పు పేరుకునే చోటే లేదు. మనం రోజూ చూసే నంబర్లు దాదాపు అన్నీ ఇందులో వచ్చేస్తాయి. నాకు ఈ విషయం తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ హద్దు దాటితేనే అసలు కష్టం. రెండు పక్కపక్క డబుల్స్‌కి సరిగ్గా మధ్యలో పడే నంబర్ వస్తే, వందల అంకెల తర్వాత ఉన్న ఒక్క అంకె వల్ల జవాబు అటో ఇటో మారిపోతుంది. 1990లో విలియం క్లింగర్, డేవిడ్ గే ఇద్దరూ దీని మీద రాశారు, గే రాసిన కోడ్ చాలా లైబ్రరీల్లోకి వెళ్ళింది. అంత జాగ్రత్తగా చేసినా 2011లో పీహెచ్‌పీ అనే వెబ్ భాష 2.2250738585072011ఈ-308 అనే ఒక్క నంబర్ చదవబోయి ఎప్పటికీ ఆగని లూప్‌లో పడిపోయింది, 32 బిట్ ఎక్స్86 మీద 80 బిట్ల రిజిస్టర్లలో లెక్క జరగడం దానికి కారణం. కొద్ది వారాల తేడాలోనే జావా భాషలో కూడా చివర 2 ఉన్న నంబర్‌తో అదే రకం తప్పు బయటపడింది. అప్పట్లో బయటివాళ్ళు ఆ నంబర్ పంపితే చాలు, సర్వర్ ఆగిపోయేది. అందుకే చెప్తున్నా, లైబ్రరీలో ఉన్నదాన్ని వాడండి, నేర్చుకోవడానికి మాత్రం తప్పకుండా ఒకసారి రాసి చూడండి.

సెమీకోలన్:
నేను స్టర్‌టూడీకి రకరకాల స్ట్రింగ్‌లు ఇచ్చి చూశాను ఈ చర్చ చదివాక. "1ఈ" అంటే ఈ అక్షరం తర్వాత ఘాతం లేకపోతే 1 చదివి ఈ దగ్గర ఆగుతోంది, బాగుంది. "1,000" కి 1 చదివి కామా దగ్గర ఆగుతోంది. 1ఈ400 కి ఇన్ఫినిటీ ఇచ్చి ఈరేంజ్ పెడుతోంది. 0ఎక్స్10 ఇస్తే మాత్రం 16 వచ్చింది, మొత్తం చదివేసింది, తప్పని అనలేదు!

బిట్‌బైట్:
సీ99 నుంచి హెక్స్ కూడా నంబరే. అదొక్కటే కాదు, ఇన్ఫ్, ఇన్ఫినిటీ, నాన్ (నంబర్ కాదు అని అర్థం) అనే మాటలు ఇంగ్లిష్‌లో ఇస్తే అవి కూడా ఒప్పుకుంటుంది, పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా. ఇక్కడే జనం చాలా మోసపోతారు. విలువ 0 కంటే తక్కువ లేదా 100 కంటే ఎక్కువ అయితే వద్దు అని చెక్ రాస్తారు. నాన్ తక్కువా, ఎక్కువా, సమానమా అని దేనితో పోల్చినా కాదనే వస్తుంది, కాబట్టి చెక్ దాటి లోపలికి వచ్చేస్తుంది. ఒక్క నాన్ కలిసిందంటే మొత్తం నాన్, సగటు నాన్. చెక్‌ని తిరగేసి రాయండి, 0 కంటే ఎక్కువ లేదా సమానం, 100 కంటే తక్కువ లేదా సమానం అయితేనే రానివ్వండి, మిగతాదంతా వద్దు. లేదా ఈజ్‌ఫైనైట్ వాడండి. ఫాస్ట్ మ్యాత్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే మాత్రం నాన్‌లే ఉండవని కంపైలర్ అనుకుని ఈ చెక్‌లని తీసేసే అవకాశం ఉంది, ఆ ఆప్షన్ బయటి డేటా చదివే ఫైల్‌కి పెట్టకండి.

చాలా చిన్న విలువలు, 1ఈ-400 లాంటివి, సున్నానో సున్నాకి దగ్గరిదో ఇస్తుంది, అప్పుడు ఈరేంజ్ పెట్టాలా వద్దా అన్నది ఆ లైబ్రరీ ఇష్టం. కాబట్టి ఈరేంజ్ అంటే ఎప్పుడూ పెద్దదైపోయిందనే అనుకోకూడదు, విలువ కూడా చూడాలి.

సీ_నేర్చుకుంటున్నా:
అందరికీ చాలా థాంక్స్. మొదటి లైన్ చదివాక అందులో బామ్ దాటేశాను, నాన్‌కి చెక్ తిరగేశాను. 1440 లైన్లలో 49 పక్కకి పోయాయి, సగటు ఇప్పుడు నమ్మేలా ఉంది. కానీ ఒక విచిత్రం, అత్యల్పం, అత్యధికం ప్రింట్ చేస్తుంటే మధ్యాహ్నం మూడింటికి ఒక లైన్‌లో 2 డిగ్రీలు అని ఉంది, ముందు 23.51, తర్వాత 23.44. ఫైల్‌లో కూడా "2" అనే ఉంది. స్టర్‌టూడీ తప్పు లేదు అంటోంది.

పాతకంపైలర్:
స్టర్‌టూడీ నిజమే చెప్పింది, "2" మంచి నంబరే. "23." ఇచ్చినా మంచిదే అంటుంది. సెన్సార్ లైన్ రాస్తుండగా కరెంట్ పోయి ఉంటుంది, 23.47 లో మొదటి అంకె దాకానే పడింది. ఇది ఫంక్షన్ చెప్పగలిగే విషయం కాదు, నీ ఫైల్ ఎలా ఉండాలో నీకే తెలుసు. ఎప్పుడూ చుక్క తర్వాత రెండు అంకెలు ఉండాలి అన్నది నీ లాగ్ పద్ధతి కదా, చివర పాయింటర్ నుంచి వెనక్కి మూడో క్యారెక్టర్ చుక్కేనా అని చూడు, కాకపోతే పక్కన పెట్టు. వెనక స్పేస్‌లు దాటించే లూప్ ఆ పాయింటర్‌ని జరిపేస్తుంది కాబట్టి ఈ చెక్ లూప్ కంటే ముందు పెట్టాలి. లైన్ మొదలు నుంచి చివర పాయింటర్ దాకా మూడు క్యారెక్టర్లకంటే తక్కువ ఉంటే ముందే వదిలేయి, లేకపోతే బఫర్ మొదలుకంటే వెనక్కి చదువుతావు.

ఇంకోటి, నీ బఫర్ సైజ్ ఎంత?

సీ_నేర్చుకుంటున్నా:
8 అండి. "-12.35" కి ఆరు, న్యూలైన్, చివర సున్నా, సరిగ్గా 8 అని లెక్కేసి పెట్టాను.

బిట్‌బైట్:
పెంచండి వెంటనే. మొదటి లైన్‌లో బామ్ మూడు బైట్లు, తర్వాత 21.80, న్యూలైన్. ఎఫ్‌గెట్స్ ఒకసారికి 7 క్యారెక్టర్లే తేగలదు, మొదటి లైన్ "21.8" దగ్గర తెగిపోయి మిగిలిన "0" రెండో లైన్‌గా వస్తుంది, అది మళ్ళీ మంచి సున్నా! ఎవరైనా నంబర్ ముందు మూడు స్పేస్‌లు ఎక్కువ పెట్టినా ఇదే జరుగుతుంది, ఒక నంబర్ రెండు నంబర్లు అవుతుంది, రెండూ చెల్లుతాయి. 128 పెట్టండి, పెట్టాక కూడా వచ్చిన దాంట్లో న్యూలైన్ ఉందా లేదా చూడండి, లేకపోతే ఫైల్ ముగిసిందో లైన్ తెగిందో తేల్చుకోండి.

సీ_నేర్చుకుంటున్నా:
128 పెట్టి, రెండు దశాంశాల చెక్ కూడా పెట్టి మళ్ళీ నడిపాను. మొదట్లో ఒక సున్నా ఎక్కువ లెక్కపడిందన్నది నిజమే, ఇప్పుడు పోయింది. ఆ "2" తో పాటు "19." అని ఇంకోటి, "-" అని ఒకటి దొరికాయి, మూడోది ముందే పట్టుబడింది. పక్కన పెట్టిన లైన్లన్నీ లైన్ నంబర్‌తో సహా వేరే ఫైల్‌లో రాస్తున్నా, బైట్లు హెక్స్‌లో కూడా. రేపటి లాగ్‌కి తెలుగు అంకెలు మార్చే ఆ పది లైన్లు కూడా రాసి ఇక్కడ పెడతాను, తప్పులుంటే చెప్పండి.